రోబోటిక్స్‌లో తొలి ఉద్యోగం: ల్యాబ్ మేలా, కంపెనీ మేలా?

నిరుడు బీటెక్ అయిన మా మేనకోడలు, దాని స్నేహితులు, మా కాలనీలో ఇద్దరు ముగ్గురు పిల్లల తండ్రులు అందరూ నన్ను అడిగింది ఒకటే. రోబోటిక్స్‌లోకి వెళ్లాలనుకునేవాళ్లు ముందు పరిశోధన సంస్థలో చేరాలా, కంపెనీలో చేరాలా? గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లకు పైగా ఇన్‌స్ట్రుమెంటేషన్ మెయింటెనెన్స్, అంటే యంత్రాల సెన్సర్లు, కంట్రోళ్ల మరమ్మతు, చూస్తున్నాను. నాకు తెలిసినంతలో చెబుతాను.

విశాఖ పిల్లలకు ముందుగా గుర్తొచ్చేది ఎన్‌ఎస్‌టీఎల్. 1969 నుంచి మన ఊళ్లోనే ఉన్న, నౌకాదళం కోసం పనిచేసే డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన సంస్థ) ల్యాబ్. వరుణాస్త్ర టార్పెడో రూపుదిద్దుకున్నది అక్కడే. మనిషి లేకుండా నీటి అడుగున తిరిగే వాహనాల మీదా పని జరుగుతోంది. నేలమీది రోబోకి ఉన్న సదుపాయాలేవీ వీటికి ఉండవు. నీళ్లలో జీపీఎస్ అందదు. రేడియో తరంగాలు కొద్ది దూరం పోకుండానే ఆరిపోతాయి. కబురు పంపాలంటే ధ్వని ఒక్కటే దిక్కు. తానెక్కడ ఉందో తెలుసుకోవాలంటే లోపల తిరుగుడును కొలిచే గైరోలు, వేగంలో మార్పును కొలిచే యాక్సెలరోమీటర్లు చెప్పిన లెక్క, సముద్రపు అడుగు నుంచి తిరిగొచ్చే ధ్వనిని బట్టి కొలిచిన వేగం, వీటినే నమ్ముకోవాలి. ఆ లెక్కలో ఆవగింజంత తప్పు దొర్లినా గంటగంటకీ పెరుగుతూ పోతుంది. ఇంత గట్టి సమస్య మన ఇంటి దగ్గరే ఉండడం అదృష్టమని నేను మనస్ఫూర్తిగా అంటాను.

జీతం కూడా తీసిపారేసేది కాదు. జేఆర్‌ఎఫ్‌కి (జూనియర్ రీసెర్చ్ ఫెలో) 2023 నుంచి నెలకు 37,000, దాని మీద ఇంటద్దె భత్యం. పర్మనెంట్ సైంటిస్టుల తొలి మెట్టు సైంటిస్ట్-బి అయితే మూలవేతనమే 56,100. కాకపోతే రక్షణ రంగం కాబట్టి, చేసిన పనిని బయట చూపించుకునే అవకాశం తక్కువ.

హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ వారి రోబోటిక్స్ రీసెర్చ్ సెంటర్ ఉంది. డ్రైవర్ లేని బండ్లు, డ్రోన్‌ల పరీక్షల కోసం ఐఐటీ హైదరాబాద్‌లో టిహాన్ ఉంది. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ అంటే నిజంగా ఇష్టం ఉన్నవాళ్లకు ఇవి మంచి చోట్లు. బెంగళూరులో ఐఐఎస్‌సీ వారి ఆర్ట్‌పార్క్ కూడా ఆ కోవదే.

కంపెనీల వైపు చూస్తే గోదాముల రోబోలతో పేరు తెచ్చుకున్నవి రెండు. 2011లో మొదలైన గ్రేఆరెంజ్, 2016లో నోయిడాలో మొదలైన యాడ్‌వెర్బ్. రెండోదానిలో 2022లో రిలయన్స్ రిటైల్ 54 శాతం వాటా కొన్నది. నీళ్లలో దిగే రోబోలే కావాలంటే చెన్నైలో ప్లానిస్, కొచ్చిలో ఐరోవ్ ఉన్నాయి. ఫనుక్, కూకా లాంటి విదేశీ కంపెనీల శాఖల్లోనూ చేరొచ్చు. ఊరు వదలలేనివాళ్లకు పీఎల్‌సీ (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్), స్కాడా (ప్లాంటంతటినీ తెరమీద చూసి నడిపే సాఫ్ట్‌వేర్) పని ఉండనే ఉంది. రిఫైనరీ, స్టీల్‌ప్లాంట్, పరవాడ ఫార్మా ఉన్నంతకాలం ఆ పనికి లోటు రాదు.

నా మటుకు నేను చూసేది ఒక్కటే. యంత్రం ఆగిపోయినప్పుడు మీరు దాని పక్కన ఉంటారా, లేదా?

ఒక రాత్రి షిఫ్టులో మా కన్వేయర్ ఊరికే ఆగుతూ, మళ్లీ నడుస్తూ ఉంది. కొత్తగా చేరిన కుర్రాడు, బాగా చదువుకున్నవాడే, తెల్లవార్లూ లాప్‌టాప్‌లో లాజిక్ చూస్తూ కూర్చున్నాడు. పొద్దున ఎలక్ట్రీషియన్ వచ్చి జంక్షన్ బాక్స్ మూత తీశాడు. సముద్రపు గాలికి టెర్మినల్ పచ్చగా చిలుము పట్టి ఉంది. సెన్సర్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంది, ప్రోగ్రాంలో తప్పేమీ లేదు. ఆ రోజు నుంచి ఆ కుర్రాడు ముందు వైరు చూసి తర్వాత కోడ్ చూస్తాడు. ఏ క్లాసులోనూ ఇది ఎక్కదు.

ల్యాబ్‌లో నేల శుభ్రంగా ఉంటుంది, వెలుతురు సరిపడా ఉంటుంది. గోదాంలో దుమ్ము ఉంటుంది, ర్యాకుల మధ్య వైఫై పోతుంది, ఎవరో దారికడ్డంగా అట్టపెట్టె పెట్టి వెళ్లిపోతారు. అయినా రోబో నడవాలి, ఆగితే బయట లారీ ఆగుతుంది. అక్కడ వారానికి పదిసార్లు ఎదురయ్యే తంటా ల్యాబ్‌లో నెలకొకసారి కూడా రాకపోవచ్చు. ఎన్‌ఎస్‌టీఎల్ లాంటి చోట సముద్రంలో పరీక్షలకు వెళ్లేవాళ్లు ఇదంతా నేర్చుకుంటారు, అందులో సందేహం లేదు. కానీ పడవ, వాతావరణం, అనుమతి అన్నీ కుదిరితేనే ఒక పరీక్ష. కొత్తగా చేరిన జేఆర్‌ఎఫ్ వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేం.

అందుకే నా సలహా ముందు రెండేళ్లు కంపెనీ, ఆ తర్వాత ల్యాబ్. ల్యాబ్‌లు అడిగే గేట్ పరీక్ష స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి రాసిపెట్టుకుని వెళ్తే ఆ దారి మూసుకుపోదు. డీఆర్‌డీఓ జేఆర్‌ఎఫ్‌కి వయోపరిమితి 28, ఇరవై రెండేళ్లకి బీటెక్ అయినవాళ్లకు కావలసినంత టైం ఉంది. సైటులో దెబ్బలు తిన్నాక ల్యాబ్‌కి వెళ్లేవాళ్లు తమ సమస్యను తామే వెంట తీసుకెళ్తారు.

అయితే కంపెనీ అన్నంత మాత్రాన సైటు దొరకదు. నోయిడాలో చేరి మూడేళ్లూ ఆఫీసులో సిమ్యులేషన్ చేస్తూ ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. ఇంటర్వ్యూలో మొహమాటం లేకుండా అడగండి, మొదటి ఆరు నెలలు నన్ను ఎక్కడ ఉంచుతారని. మా మేనకోడలు అడిగింది. కొత్త యంత్రాలను బిగించి నడిపించే కమిషనింగ్ టీం, నెలలో ఇరవై రోజులు సైటులోనే అన్నారు. మా అక్కకి టెన్షన్, దానికి సంతోషం.

పోయిన వారం రాత్రి పదకొండుకి ఫోన్ చేసింది. "మావయ్యా, రెండు గంటలు కోడ్ చూశాను. తీరా చూస్తే రోబోకి దారి చూపే నేలమీది క్యూఆర్ స్టిక్కర్ అరిగిపోయింది."