బెంగళూరు వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్క్‌కి వస్తే బస బిడదిలోనా, మెజెస్టిక్‌లోనా?

అనంతపురం నుంచి పిల్లలతో వచ్చే మా చుట్టాలకి నేను పార్క్ దగ్గరున్న బిడది ఊళ్లో చిన్న లాడ్జే చెబుతాను. బెంగళూరు రైల్వే స్టేషన్ పక్కనున్న మెజెస్టిక్‌లో అయితే రైలు దిగి నడిచే రూమ్‌కి వెళ్లొచ్చు, నిజమే. కానీ పార్క్ బెంగళూరుకి దాదాపు 28 కిలోమీటర్ల దూరం. పర్పుల్ లైన్ మెట్రో చల్లఘట్ట దాకానే. అక్కడి నుంచి మైసూరు రోడ్డు మీద బస్సో ఆటోనో చూసుకోవాలి. పొద్దున పర్లేదు. సాయంత్రమే ప్రాణం మీదికొస్తుంది: రోజంతా నీళ్లలో ఆడిన చిన్నోడు భుజం మీద నిద్రపోతుంటాడు, ఇంకో చేతిలో తడి బట్టల సంచి కారుతూ ఉంటుంది. బిడదిలో ఉంటే ఆ టెన్షన్ లేదు. పొద్దున్నే పళ్లెమంత తట్టె ఇడ్లీ, పైన కరిగే వెన్న కూడా! గదులు చిన్నవే. వేడినీళ్లు సాయంత్రం కూడా వస్తాయో లేదో ముందే ఫోన్ చేసి అడగండి. మాకు ఒకసారి రాలేదు, పిల్లలు వణికిపోయారు.