ఫిజియోథెరపీ మేడ మీద పెట్టారు: మా ఉమ్మడి కేంద్రం గురించి

విశాఖలో మా మధురవాడ వైపు వైద్యం, సంక్షేమం కలిపి పెట్టిన ఉమ్మడి కేంద్రానికి 5కి 3 స్టార్లు ఇస్తున్నాను. ఆ మూడూ అక్కడ పనిచేసే మనుషులకి. రెండు తగ్గించింది మెట్లకీ, రిజిస్టర్లకీ.

షిప్‌యార్డు డ్రాయింగ్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు గీతలు గీసి రిటైరైనవాణ్ణి. పోయిన ఏడాది దీపావళికి నాలుగు రోజుల ముందు మా ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. మాట పడిపోయింది. 108 టైముకి రాబట్టి మనిషి దక్కింది. అసలు తిరుగుడు ఆ తర్వాత మొదలైంది. మందులకి ఒక చోటు, బీపీ, షుగర్లకి ఇంకో చోటు, సదరం స్లాటుకి, అంటే వైకల్యం సర్టిఫికెట్టు పరీక్షకి, సచివాలయం. మధురవాడ నుంచి పెద్దాసుపత్రికి, అంటే కేజీహెచ్‌కి, దగ్గర దగ్గర పదిహేను కిలోమీటర్లు. ఇంటికొచ్చి కసరత్తు చేయించే కుర్రాడు పూటకి 500 తీసుకునేవాడు, మూఢం వెళ్లి పెళ్లి ముహూర్తాలు మొదలైతే ఫోనెత్తేవాడు కాదు.

నేనిక్కడ 1998లో స్థలం కొన్నప్పుడు మధురవాడ పంచాయతీ. మా వీధి చివర జీడితోట ఉండేది. 2005లో జీవీఎంసీలో, అంటే విశాఖ నగరపాలక సంస్థలో, కలిశాక ఎన్ని అపార్టుమెంట్లు లేచాయో లెక్కలేదు. 50 వేల మందికి ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని 2013లో వచ్చిన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ లెక్క. అది జ్వరాలకీ టీకాలకీ సరిపోతుందేమో. మంచం పట్టిన మనిషిని, ఆ మనిషిని చూసుకునేవాళ్లనీ కలిపి చూసే చోటు మాత్రం మా వైపు లేదు.

అందుకే ఒక ట్రస్టు వాళ్లు అద్దె ఇంట్లో ఈ కేంద్రం తెరిచారనగానే వెళ్లాను. వైద్యం, సంక్షేమం ఒకే కప్పు కింద అని బోర్డు. సోమ, బుధ, శుక్రవారాలు, ఉదయం 9 నుంచి 1 దాకా. ఇది ప్రయోగమేనట. ఇక్కడి అనుభవం చూసుకుని సొంత భవనం కడతారట. దాని ప్లాను హాల్లో గోడకి అంటించి, పక్కన మేకుకి ఒక నోటు పుస్తకం వేలాడదీశారు, ఎవరి అభిప్రాయం వాళ్లు రాయమని. మూడు నెలలకి అందులో రెండు పేజీలు నిండాయి. ఒకటి పూర్తిగా నాదే.

ముందు బాగున్నది చెబుతాను. గుమ్మంలోకి వెళ్లగానే ఎడమ పక్క చిన్న టేబులు, దాని దగ్గర ఒక అమ్మాయి. డాక్టరు కాదు, నర్సు కాదు. ఏ కాగితం ఎక్కడికి వెళ్లాలో తెలిసిన మనిషి. మొదటి రోజు మా ఆవిడ సంగతి అంతా రాసుకుని, పెన్ను పక్కన పెట్టి, "మీరు రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు మాస్టారూ?" అంది. ఆర్నెల్లుగా నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు, మా అబ్బాయితో సహా. నాకు జవాబు తోచక "పర్లేదమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నమ్మలేదు. నా బీపీ చూడమని లోపలికి పంపింది. 168 ఉంది.

మా పక్కన మరికవలస నుంచి వచ్చిన కూరగాయలావిడ కూర్చుంది. వాళ్లమ్మ పక్షవాతంతో రెండేళ్లుగా మంచంలోనే ఉంది, వచ్చేది మాత్రం నెలకి వృద్ధాప్య పింఛను 4,000. పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకి 2024 జులై నుంచి 15,000 ఇస్తున్నారని ఈవిడకి తెలీదు. చెప్పినవాళ్లూ లేరు. టేబులు దగ్గర అమ్మాయి దరఖాస్తు నింపి, ఏ కాగితాలు జత చెయ్యాలో వెనకాల రాసిచ్చింది. ఆ డబ్బు ఇంకా రాలేదు, డాక్టర్ల పరీక్ష కావాలి కదా. కానీ ఆవిడ నాలుగు ఆఫీసులు తిరగలేదు.

ఇక కింద హాలు. పెద్దవాళ్లని పొద్దున్న దింపేసి మధ్యాహ్నం తీసుకెళ్లొచ్చు. పదకొండింటికి రాగి జావ. మగవాళ్లు ఒకే పేపరుని నాలుగు ముక్కలు చేసుకుని చదువుతారు. ఆడవాళ్లు అష్టాచమ్మా. ఆయా శ్రీకాకుళం వైపు మనిషి, "ఏటమ్మా, అలగ మూలకి కూకున్నావు, రా" అని మా ఆవిణ్ణి లాక్కుపోయి ఎడం చేతిలో గవ్వలు పెట్టింది. మూడో వారమో, నాలుగో వారమో, నేను గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఉండగా లోపల్నుంచి "పండింది" అని వినపడింది. మా ఆవిడ గొంతే. కాయ పండిందట. ఆ మాట తర్వాత మళ్లీ వారం దాకా ఇంకో మాట లేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు తగ్గించిన స్టార్ల సంగతి.

ఫిజియోథెరపీ గది మేడ మీద ఉంది. నేను తప్పు రాయలేదు. కాలు కదలనివాళ్లకి నడక నేర్పే గదికి పంతొమ్మిది మెట్లెక్కాలి. వాచ్‌మన్, నేను కుర్చీతో సహా ఎత్తుకెళ్తాం. అద్దె ఇల్లు, ఏం చేస్తారు అనుకోవచ్చు. కానీ కింద గాలీ వెలుతురూ ఉన్న ముందు గదిని మీటింగులకి ఉంచారు. నేను వెళ్లిన ఇన్నాళ్లలో అందులో మీటింగు జరగడం రెండుసార్లే చూశాను.

రెండోది రిజిస్టర్లు. ఇళ్లకి వచ్చి చూసి వెళ్లే అమ్మాయికి ఒక పుస్తకం, వైద్యం వైపు ఇంకో పుస్తకం. మా ఆవిడ బాత్రూంలో జారి పడింది. ఇంటికొచ్చిన అమ్మాయి తన పుస్తకంలో తేదీతో సహా రాసుకుంది. రెండు రోజుల తర్వాత మేడ మీద ఫిజియో ఆ సంగతి తెలియక నొప్పి ఉన్న తుంటినే వంచబోయాడు. మా ఆవిడ అరవలేదు, ఆ కుర్రాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను చెబితే గానీ అతనికి తెలీలేదు. పాపం, తప్పు అతనిది కాదు. రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీద ఉంటాయి, ఒకరిది ఒకరు తెరవరు. షిప్‌యార్డులో ఒక భాగానికి ఒకటే డ్రాయింగు. ఎవరు ఏం మార్చినా దాని మీదే రివిజన్ నంబరు వేసి సంతకం పెట్టాలి. పైపుల వాళ్లకి ఒక డ్రాయింగు, ప్లేట్ల వాళ్లకి ఇంకో డ్రాయింగు ఉంటే పైపు వెళ్లి ప్లేటుకి గుద్దుకుంటుంది. కప్పు ఒకటే అయి పుస్తకాలు రెండైతే ఉమ్మడి అన్న మాట బోర్డు మీదే మిగులుతుంది.

గోడ మీది ప్లాను చూడగానే పాత రోగం తిరగబెట్టింది, స్కేలు తీసుకెళ్లి కొలిచాను. కింద అంతా పార్కింగు. మొదటి అంతస్తులో ఓపీ, రెండో అంతస్తులో వృద్ధుల హాలు. లిఫ్టు ఉందిగా అంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధికి ఎన్నాళ్లు కరెంటు లేదో ఆ ప్లాను గీసినవాళ్లకి గుర్తుందో లేదో. పైన పాతికమంది ముసలివాళ్లుండగా లిఫ్టు ఆగితే కుర్చీలు మోసేది మళ్లీ ఆ వాచ్‌మనే. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంటుంది, దానికి ఇన్వర్టరు ఎక్కడా గీయలేదు.

వృద్ధుల హాలు కిందకి రావాలి, పార్కింగు పక్కకి పోవాలి. అయితే అనుకుంటున్న స్థలం పక్కనే గెడ్డ, అంటే వాగు, ఉంది. వాన పడితే కొండ మీద నీళ్లన్నీ దాంట్లోకే. కాబట్టి కింద అంతస్తుని రోడ్డు కంటే కనీసం 600 మిల్లీమీటర్లు లేపాలి. వీల్‌చైర్‌కి ర్యాంపు వాలు 1కి 12 అని నిబంధన, అంటే ఒక్క వాలే 7.2 మీటర్లు, మధ్యలో ఆగే చోటు అదనం. ప్లానులో ర్యాంపు 3 మీటర్లే ఉంది. అది ర్యాంపు కాదు, జారుడుబల్ల. మరుగుదొడ్డిలో కుర్చీ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల వలయం ఖాళీ ఉండాలి, అక్కడేమో వాష్‌బేసిన్ పెట్టారు. ఇవన్నీ నోటు పుస్తకంలో బొమ్మలు వేసి మరీ రాశాను. పోయిన శుక్రవారం ఇంజినీరుగారు ఆ పేజీ ఫోటో తీసుకున్నారని ఆయా చెప్పింది.

వేళలు కూడా చూసుకోవాలి. ఉద్యోగం చేసుకునే పిల్లలు ఒంటిగంటకి వచ్చి అమ్మానాన్నలని ఎలా తీసుకెళ్తారు? కనీసం ఒక్క రోజైనా సాయంత్రం దాకా ఉంచాలి.

కొత్తగా వెళ్లేవాళ్లకి రెండు ముక్కలు. ఆధార్, పాత మందుల చీటీలు జిరాక్సులతో సహా పట్టుకెళ్లండి. సోమవారం రద్దీ, బుధవారం నయం. బస్సులో వస్తే నడక రానివాళ్లతో హైవే దాటే సాహసం చెయ్యకండి, ఆటోలో గేటు దాకా రండి. గేటు ముందు కాలువ మీద పలక ఒకటి కదులుతోంది, ఎడం పక్క నుంచి దిగండి.