నమీబియా ప్రయాణానికి ఏ బండి: టెంట్లున్న పికప్పా, జిమ్నీయా?

నమీబియాలో మనమే డ్రైవ్ చేసుకుంటూ తిరగాలంటే ముందు తేల్చుకోవాల్సింది బండి సంగతే. రాజధాని విండ్‌హోక్‌లో అద్దెకు ఎక్కువగా దొరికేది టొయోటా హైలక్స్ డబుల్ క్యాబ్, అంటే రెండు వరుసల సీట్లున్న పికప్. పైన మడత టెంట్లు, వెనక ఫ్రిజ్, గ్యాస్ స్టవ్, కుర్చీలు, అన్నీ అందులోనే ఉంటాయి. ఆఫ్‌రోడ్ కోసమే పుట్టిన బండి కావాలంటే సుజుకి జిమ్నీ, ఇంకా ఖర్చు పెట్టగలిగితే ల్యాండ్ క్రూజర్, డిఫెండర్ కూడా దొరుకుతాయి. మా కుటుంబం హైలక్స్ తీసుకుంది, మాతో వచ్చిన దంపతులు జిమ్నీ తీసుకున్నారు.

అక్కడ మన ప్రయాణంలో సింహభాగం కంకర రోడ్ల మీదే సాగుతుంది. సాలిటేర్ అనే చిన్న ఊరి మీదుగా, నమీబ్ ఎడారి ఇసుక దిబ్బలకు గేటు ఉన్న సెస్రియెమ్ వెళ్లే దారిలో రోడ్డు పొడవునా అడ్డంగా గట్లు కట్టి బండిని వణికిస్తాయి. జిమ్నీ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2,250 మిల్లీమీటర్లే. హైలక్స్‌కి అది 3,085. అందుకే జిమ్నీ వెనక భాగం అటూ ఇటూ జారుతుంటే వాళ్లకు స్టీరింగ్ మీద ఒకటే టెన్షన్. హైలక్స్ వెనక ఉన్నవి పట్టీల స్ప్రింగులు. ఖాళీగా ఉంటే ఎగిరెగిరి పడుతుంది గానీ సామాను నిండితే నిలకడగా పోతుంది. ఏ బండైనా కంకర మీద 80 దాటొద్దు. వేగంలో అదుపు తప్పి పల్టీ కొట్టడం గురించే అద్దె కంపెనీలు అన్నిటికన్నా గట్టిగా హెచ్చరిస్తాయి.

ఆ దిబ్బల మధ్య ఉన్న సోసుస్‌వ్లే దగ్గర మాత్రం జిమ్నీదే పైచేయి. సెస్రియెమ్ గేటు నుంచి 60 కిలోమీటర్లు తారు రోడ్డు, చివరి 5 కిలోమీటర్లు ఒట్టి ఇసుక. టన్నుకు కాస్త ఎక్కువ బరువుండే జిమ్నీ అందులో హాయిగా తేలిపోయింది. మేము టైర్లలో గాలి బాగా తగ్గించి, లో గేర్‌లో, ఎక్కడా ఆపకుండా వెళ్లాం. చేరుకున్నాం, కానీ చెమటలు పట్టాయి. ఆ కొద్ది దూరం కోసమే బండి మార్చాల్సిన పని లేదు, షటిల్ బళ్లు తిరుగుతుంటాయి.

రాత్రి బస దగ్గరే నా మనసు పికప్ వైపు మొగ్గింది. సెస్రియెమ్ క్యాంపు గేటు లోపలే ఉంటుంది కాబట్టి అక్కడ బస చేసినవాళ్లను బయటివాళ్లకన్నా ముందే ఇసుక దిబ్బలవైపు వదులుతారు. సూర్యోదయం చూడాలంటే ఆ తేడా చాలా పెద్దది. గేటు బయట లాడ్జీలో దిగిన మా స్నేహితులకు మెత్తటి పరుపు దొరికింది, తొలి వెలుగు దొరకలేదు. టెంటుతో ఉన్న ఇబ్బంది కూడా చెప్పాలి: చీకట్లో లేచి దాన్ని మడిస్తే గానీ బండి కదలదు. పిల్లలతో అది చిన్న పని కాదు. ఎటోషా నేషనల్ పార్కులోని ఒకౌకుయెజో క్యాంపులో మాత్రం ఆ శ్రమంతా మర్చిపోయాం. జంతువులు నీళ్లు తాగడానికి వచ్చే, రాత్రంతా దీపాలు వెలిగే నీటిగుంట క్యాంపు పక్కనే ఉంది.

ఇంధనం లెక్క కూడా చూసుకోండి. హైలక్స్ ట్యాంకు 80 లీటర్లు, జిమ్నీది 40. బంకులు దూరదూరంగా ఉండే చోట వాళ్లు ప్రతి బంకులోనూ ఆగాల్సి వచ్చింది.

మరి అసలైన ఆఫ్‌రోడ్ బండి ఎక్కడ కావాలి? వాయవ్యాన కావోకోలాండ్‌లో వాన్ జిల్స్ పాస్ లాంటి చోట. తూర్పు నుంచి పడమరకు మాత్రమే దిగాల్సిన నిటారు రాళ్ల దారి అది. చాలా అద్దె ఒప్పందాలు ఆ దారిలోకి అసలు వెళ్లనివ్వవు. వెళ్లలేని దారి కోసం అదనంగా డబ్బు కట్టడంలో నాకు అర్థం కనిపించలేదు.

పిల్లలతో వెళ్లేవాళ్లకు కళ్లు మూసుకుని హైలక్స్ చెబుతాను. ఇద్దరే అయి, లాడ్జీల్లో ఉండేట్టయితే జిమ్నీ చాలు. ఏది తీసుకున్నా రెండు స్టెప్నీలు అడగండి, టైర్లకు, అద్దాలకు బీమా వర్తిస్తుందో లేదో చదవండి, టైర్లలో గాలి నింపే కంప్రెసర్‌ని అద్దె కంపెనీ వాళ్ల ముందే ఆన్ చేసి చూడండి. మాకిచ్చింది ఇసుక దాటాక పని చేయలేదు. సెస్రియెమ్ బంకు దాకా మెల్లగా వచ్చి గాలి కొట్టించుకున్నాం.