హవాయి మిషనరీ కవర్లా, యొకొహామా స్టీమరు కవర్లా?

పసిఫిక్ సముద్రం దాటిన పాత ఉత్తరాలను సేకరించదలచినవారు ఎక్కువగా ఈ రెండింటి మధ్యే తర్జనభర్జన పడతారు. హోనొలులు పోస్ట్‌మాస్టర్ హెన్రీ విట్నీ 1851లో విడుదల చేయగా, మిషనరీల ఉత్తరాలపై ఎక్కువగా కనిపించినందున మిషనరీ స్టాంపులుగా పేరొందినవాటిలో 13 సెంట్లది ఎంతో ముచ్చటైనది. హవాయి రుసుము, ఓడ కెప్టెన్‌కు దక్కే 2 సెంట్లు, శాన్‌ఫ్రాన్సిస్కో దిగాక అమెరికాలో అయ్యే తపాలా ఖర్చు, ఈ మూడూ ఆ ఒక్క స్టాంపుతోనే తీరిపోయేవి. అయితే వాటిని ముద్రించిన కాగితం మరీ పలుచన కావడంతో చిరుగులేని ప్రతి దొరకడమే అరుదు. 2 సెంట్ల స్టాంపుతో మిగిలిన కవరు లోకంలో ఒక్కటే, డాసన్ కవరు. దానిపై కాలిన మచ్చ నేటికీ కనిపిస్తుంది. పైగా నకిలీల బెడద ఉన్నందున నిపుణుల ధ్రువపత్రం లేనిదే కొనరాదు.

స్టీమరు కవర్ల సంగతి వేరు. 1867 జనవరి 1న ‘కొలరాడో’ అనే స్టీమరు (ఆవిరి ఓడ) శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి జపాన్‌లోని యొకొహామా, హాంకాంగ్‌లకు బయలుదేరడంతో పసిఫిక్ మెయిల్ అనే అమెరికా ఓడల కంపెనీ రాకపోకలు మొదలయ్యాయి. యొకొహామాలోని అమెరికా తపాలా కార్యాలయం 1874 చివరిదాకా అమెరికా స్టాంపులతోనే పనిచేసింది. కవరుపై ముద్రలోని తేదీని ఓడల ప్రయాణ వివరాలతో సరిచూసి, ఆ ఉత్తరం ఏ స్టీమరులో వెళ్లిందో తేల్చగలగడంలోని ఆనందం నాకు అపురూపమైనది. మిషనరీ కవర్లను మ్యూజియంలో చూసి తృప్తిపడి, సొంత సేకరణను యొకొహామాతో ప్రారంభించడమే మేలని నా అభిప్రాయం.