పాటీ ట్రైనింగ్ సగంలో ఉండగా అమెరికా ఫ్లైటు: డైపరా, అండర్‌వేరా, ఏది మేలు?

వేసవికి అమెరికా నుంచి వచ్చిన రెండున్నరేళ్ల పాపకి అమ్మమ్మ గారింట్లో డైపర్ మాన్పించడం చాలా ఇళ్లలో జరిగేదే. ఇక్కడ అన్నీ కలిసొస్తాయి. ఇల్లంతా టైల్స్, ఎక్కడ పోసినా తడిగుడ్డతో తుడిచేయొచ్చు. ఎండలకి లాగు లేకుండా తిరిగినా చలి వేయదు. గంటకోసారి "ఒంటికొస్తోందా తల్లీ" అని అడగడానికి ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. డాలస్‌లో కార్పెట్ పరిచిన అపార్ట్‌మెంట్లో, తల్లీతండ్రీ ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుంటూ నెలల తరబడి చేయలేకపోయిన పని ఇక్కడ మూడు నాలుగు వారాల్లో సగం అయిపోతుంది.

సరిగ్గా ఆ సగంలోనే తిరుగు ప్రయాణం వచ్చిపడుతుంది. శంషాబాద్ నుంచి దుబాయికో దోహాకో నాలుగు గంటల పైన, అక్కడ ఎదురుచూపులు, అక్కణ్ణుంచి డాలస్‌కి దాదాపు 16 గంటలు. ఇంట్లో బయల్దేరింది మొదలు అక్కడ ఇంట్లో అడుగు పెట్టేదాకా లెక్కేస్తే ఒక రోజు దాటుతుంది.

"ఇంత కష్టపడి మాన్పించాం, మళ్లీ డైపర్ తగిలిస్తే మొదటికొస్తుంది" అని అమ్మమ్మ అంటుంది. "విమానంలో సీటు తడిస్తే ఏం చేస్తామమ్మా" అని కూతురు. ఇద్దరూ చెప్పేది నిజమే. నా మాట ముందే చెప్పేస్తాను. ప్రయాణం రోజున కొత్తగా ఏమీ నేర్పక్కర్లేదు. నేర్చుకున్నది చెడకపోతే చాలు, పాపకి పదిమందిలో సిగ్గుపడే పరిస్థితి రాకపోతే చాలు. కింది పద్ధతులన్నీ ఆ లెక్కలోనే చూస్తున్నాను.

మళ్లీ డైపరే వేసేస్తే

డైపర్‌కున్న అతిపెద్ద బలం సీట్‌బెల్టు గుర్తు. విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి పైకెక్కి ఆ గుర్తు ఆరేదాకా అరగంట పట్టొచ్చు. రన్‌వే ముందు వరసలో ఆగిపోతే ఇంకా ఎక్కువ. దిగేముందు మరో అరగంట. మధ్యలో కుదుపులొస్తే ఎప్పుడైనా వెలుగుతుంది. అన్నం బండి నడవలో ఉన్నంతసేపూ గుర్తు లేకపోయినా కదల్లేం. రెండున్నరేళ్ల పిల్లలకి "వస్తోంది" అని తెలియడానికీ వచ్చేయడానికీ మధ్య ఉండే వ్యవధి చాలా కొంచెం. ఆ కొంచెం సేపట్లో టాయిలెట్‌కి చేరే వీలు విమానంలో చాలాసార్లు ఉండదు.

దీని బలహీనత కూడా అందరికీ తెలిసిందే. లోపలి జెల్ తడిని వెంటనే పీల్చేస్తుంది, పాపకి తడిసినట్టే తెలియదు. కానీ అసలు నష్టం ఇంకో దారిలో వస్తుంది. డైపర్ ఉంది కదా అని పెద్దవాళ్లు అడగడం మానేస్తారు. నిన్నటిదాకా గంటకోసారి అడిగినవాళ్లు ఇరవై గంటలు అడక్కపోతే, ఇక చెప్పక్కర్లేదు కాబోలు అనుకుంటుంది పాప. డైపర్ వేసినా అడుగుతూనే ఉండి, కుదిరినప్పుడల్లా టాయిలెట్‌కి తీసుకెళితే ఒక్క రోజులో ఏదీ మొదటికి రాదు.

డైపర్లలోనూ రెండు రకాలు, ఇక్కడ తేడా పెద్దది. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యేది ప్యాంట్స్ రకం. పాప తనే కిందికి లాక్కుని, పని కాగానే పైకి లాక్కోవచ్చు కాబట్టి ట్రైనింగ్‌లో ఉన్న పిల్లలకి అదే సరైంది. చిక్కేమిటంటే, తడిసిందాన్ని పక్కలు చింపి తీసేయొచ్చు గానీ కొత్తది తొడగాలంటే బూట్లు, లాగు పూర్తిగా విప్పాలి. విమానం టాయిలెట్ నేల మీద ఏ తడి ఉందో చెప్పలేం, అక్కడ చిన్నపాదం పెట్టించడానికి మనసొప్పదు. టాయిలెట్ మూత మూసి, దానిమీద పేపరు పరిచి, పాపని నిలబెట్టి, తన చేతులు మన భుజాల మీద వేయించుకుంటే పని తేలిక. టేపు రకమైతే బూట్లు విప్పకుండానే నిలబెట్టి మార్చేయొచ్చు. అందుకని ప్యాంట్స్ రకంతో పాటు టేపువి రెండు మూడు కూడా సంచిలో ఉంచుకోవడం మంచిది.

అండర్‌వేర్ మాత్రమే వేస్తే

రెండు మూడు నెలలుగా పగలు తడపకుండా ఉంటూ, మధ్యాహ్నం నిద్రలో కూడా పొడిగా లేచే పిల్లలకైతే ఇది సరే. వాళ్లకి కూడా రాత్రి నిద్ర వేళకి డైపర్ వేయడమే మంచిది. మూడు వారాల క్రితం మొదలెట్టిన పిల్లలకైతే నేను గట్టిగా వద్దంటాను.

ఇంట్లో పొరపాటు జరిగితే రెండు నిమిషాల్లో తుడిచేసి మర్చిపోతాం. విమానంలో సీటు తడిస్తే ఆ స్పాంజి పీల్చుకుంటుంది, ఉతికి ఆరేసేది కాదు. ఎయిర్‌హోస్టెస్ దుప్పటో ప్లాస్టిక్ కవరో తెచ్చిపెడుతుంది, మిగిలిన పన్నెండు గంటలూ దానిమీదే కూర్చోవాలి. పక్కసీటాయన ఇబ్బందిగా కదులుతాడు, అమ్మ మొహం మాడిపోతుంది, పాప అవన్నీ చూస్తూ ఉంటుంది. ఆ ఒక్క అనుభవంతో టాయిలెట్ మాటెత్తితేనే బిక్కమొహం వేసే పిల్లలున్నారు. డైపర్ వేస్తే చెడిపోతుందని భయపడేవాళ్లు ఈ నష్టాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

రెండేళ్లు నిండని పిల్లలకి విడిగా సీటు లేకపోతే పాప ఉండేది మన ఒళ్లోనే. అప్పుడు మన బట్టలూ తడుస్తాయి. మనకీ ఒక జత చేతిసంచిలో ఉండాలి.

ప్యాడ్ ఉన్న గుడ్డ ప్యాంట్లు

ఈమధ్య ఆన్‌లైన్‌లో బాగా దొరుకుతున్నాయి. ఒక్కసారి పోసింది చాలావరకు ఆపుతాయి, తడి తెలుస్తుంది, ఇంట్లో చాలా బాగుంటాయి. ప్రయాణంలో మాత్రం తడిసిన ప్రతిదాన్నీ మూటగట్టి మోసుకు తిరగాలి, ఆరేసే చోటుండదు. నిద్రలో పోసేదానికి అవి చాలవు. ఎయిర్‌పోర్టుకి వెళ్లే దారికీ, చెకిన్ వరసకీ పనికొస్తాయి, అంతే.

లోపల అండర్‌వేర్, పైన డైపర్

ట్రైనింగ్ మధ్యలో ఉన్న పిల్లలకి నేను ఓటేసేది దీనికే. ఒంటికి తగిలేది గుడ్డ కాబట్టి తడిస్తే వెంటనే చిరాకు పుడుతుంది, "అమ్మా, తడి" అంటుంది. పైన డైపర్ ఉంది కాబట్టి సీటుకి ఏమీ కాదు. ఇంట్లో ఇన్నాళ్లూ నేర్చుకున్నది ఆగకుండా సాగుతుంది.

రెండు జాగ్రత్తలు. పైన వేసే డైపర్ ఒక సైజు పెద్దది కొనండి, లేకపోతే తొడల దగ్గర బిగుసుకుని పక్కల నుంచి కారుతుంది. తడిసిన గుడ్డ ఎక్కువసేపు ఉంటే ఒరుసుకుపోయి ఎర్రబడుతుంది, తెలిసిన వెంటనే మార్చాలి. పాప నిద్రకి వాలేముందు లోపలి అండర్‌వేర్ తీసేసి డైపర్ ఒక్కటే ఉంచండి. నిద్రలో తడి తెలిసి చేసేదేమీ లేదు.

పాపకి దాన్ని డైపర్ అని చెప్పకండి. "ఇది విమానం లాగు, విమానంలో ఇలాగే వేసుకుంటారు, ఇంటికెళ్లాక తీసేద్దాం" అని రెండ్రోజుల ముందు నుంచే చెబితే పిల్లలు చక్కగా ఒప్పుకుంటారు. "నువ్వు చిన్నపిల్లవి కదా, అందుకే వేస్తున్నా" అన్నామంటే మాత్రం వాళ్ల మనసు చిన్నబుచ్చినట్టే.

టాయిలెట్లో: ఎత్తి పట్టుకోవడమా, మడత సీటా, చిన్న పాటీనా?

మన పెద్దవాళ్లది ఎత్తి పట్టుకునే అలవాటు. కాళ్ల కింద చేతులు వేసి, గాల్లో కూర్చోబెట్టి, "స్‌స్‌స్" అంటే పసిపిల్లలు కూడా పోసేస్తారు. ఒంటికి ఇది చాలు, ఏమీ మోయక్కర్లేదు. కానీ పన్నెండు పదమూడు కిలోల పిల్లని, మనిషి తిరగడమే కష్టమైన ఆ గదిలో, కుదుపుల మధ్య రెంటికి అయ్యేదాకా పట్టుకోవడం తల్లి నడుముకి పెద్ద పరీక్ష.

పెద్ద సీటు మీద వేసుకునే మడత సీటు నాలుగు మడతలై చిన్న సంచిలో పడుతుంది. కంత చిన్నదవుతుంది కాబట్టి పడిపోతానన్న భయం పోతుంది, పాప కుదురుగా కూర్చుంటుంది. నాకు నచ్చింది ఇదే. ఒక్కటే షరతు, ఎక్కే రోజు మొదటిసారి బయటికి తీయకూడదు. ఇంట్లో వెస్టర్న్ టాయిలెట్ మీద వారం ముందు నుంచే వేసి అలవాటు చేయాలి. అమ్మమ్మ గారింట్లో ఇండియన్ టాయిలెట్ మీదో పెరట్లోనో కూర్చోవడం నేర్చుకున్న పిల్లలకి ఇది మరీ ముఖ్యం. గొంతుక్కూర్చుంటే తప్ప వాళ్లకి రెంటికి రాదు, విమానంలో ఆ వీలు లేదు.

కాళ్లు విప్పి, సంచి తగిలించుకునే చిన్న పాటీలు రోడ్డు ప్రయాణాలకి బంగారం. హైదరాబాద్ నుంచి విజయవాడ కారులో వెళితే దాన్ని మించింది లేదు. విమానంలో సీట్ల మధ్య దాన్ని పెట్టడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. చుట్టూ మనుషులు భోజనం చేస్తుంటారు.

ఇక ఫ్లష్. టాయిలెట్ గుమ్మం దాకా వచ్చి పిల్లలు ఏడ్చేది ఎక్కువగా దీనికే. ఇంట్లోలాగా అది నీళ్లతో పోయేది కాదు, విమానం లోపలి గాలి ఒత్తిడికీ బయటి ఒత్తిడికీ ఉన్న తేడాతో ఒక్కసారిగా లాగేస్తుంది. చెవి పక్కన పేలినట్టు వినిపిస్తుంది. ఒకసారి జడుసుకున్న పాప మళ్లీ ఆ గుమ్మం తొక్కదు. అందుకే పాప కూర్చుని ఉండగా ఎప్పుడూ నొక్కకండి. లాగు తొడిగి, చేతులు కడిగి, పాపని గుమ్మం బయట తోడున్నవాళ్లకి అప్పగించి, మూత వేసి అప్పుడు నొక్కండి. మూత వేస్తే చప్పుడు బాగా తగ్గుతుంది. ఒక్కరే ప్రయాణిస్తుంటే పాప చెవులు తన చేతులతోనే మూయించి, "ఇప్పుడు బుస్ మంటుంది, విందామా" అని చెప్పి నొక్కండి. ముందుగా తెలిసిన చప్పుడికి పిల్లలు అంతగా భయపడరు.

విమానం టాయిలెట్లో జెట్ స్ప్రే ఉండదు. ఖాళీ నీళ్ల సీసా ఒకటి పట్టుకెళ్లి సింకులో నింపుకుంటే కడగడానికి సరిపోతుంది. ఆ నీళ్లు తాగించకండి. వెట్ వైప్స్, డైపర్లు టాయిలెట్లో వేయకూడదు, పక్కనున్న చెత్త అరలోనే వేయాలి.

పాప రెంటికి మాత్రం డైపరే కావాలని పేచీ పెడితే, ఆ ఒక్కరోజుకి ఇచ్చేయండి. బలవంతపెడితే బిగబట్టుకుంటుంది, బిగబట్టిన కొద్దీ గట్టిపడుతుంది, తర్వాత నొప్పి. నొప్పి పుట్టాక ట్రైనింగ్ నిజంగానే వెనక్కిపోతుంది.

నీళ్లు తగ్గించడమా, వేళలు చూసుకోవడమా?

"ఎక్కేముందు నీళ్లు పట్టకు" అనేది పెద్దలు ప్రేమతో ఇచ్చే సలహా, కానీ పాటించకూడనిది. క్యాబిన్ గాలిలో తేమ 20 శాతం లోపే ఉంటుంది, పిల్లల పెదాలు, గొంతు ఎండిపోతాయి. మలబద్ధకానికీ అదే దారి. కొంచెం కొంచెంగా నీళ్లు ఇస్తూనే ఉండండి, జ్యూసులు తగ్గించండి.

దానికి బదులు వేళలు పట్టుకోవాలి. బోర్డింగ్ పిలుపుకి ముందు గేటు దగ్గర టాయిలెట్ తప్పనిసరి. చిన్నపిల్లలున్నవాళ్లని ముందు పిలుస్తారు కదా అని ముందే ఎక్కేస్తే, ఆ సమయమంతా సీట్లోనే గడపాలి. ఇద్దరు పెద్దవాళ్లుంటే ఒకరు సామాన్లతో ముందెక్కి, రెండోవాళ్లు పాపతో ఆఖర్న ఎక్కడం మేలు. గాల్లోకి వెళ్లాక గుర్తు ఆరగానే ఒకసారి. భోజనం వాసన రాగానే, బండి మన వరసకి చేరకముందే ఇంకోసారి. ట్రే ముందుంచాక లేవడం అయ్యే పని కాదు. తెర మీద దిగడానికి గంట అని కనిపించినప్పుడు మరోసారి, ఎందుకంటే అరగంట ముందు వెళితే అప్పటికే వరస ఉంటుంది.

సీటు విషయం ఒక్క మాటలో తేలిపోతుంది. కిటికీ వద్దు, నడవ పక్కది తీసుకోండి. గల్ఫ్ నుంచి అమెరికాకి తిరిగే బోయింగ్ 777లో ఎకానమీ వరస 3-4-3గా ఉంటుంది. అందులో మధ్య నాలుగింటి చివరి రెండు సీట్లు తల్లీపిల్లలకి అనువు. టాయిలెట్‌కి నాలుగైదు వరసల దూరం చాలు. పూర్తిగా ఆనుకుని ఉంటే వెలుతురు, వరసలో నిలబడ్డ మనుషుల సందడి పాపని నిద్రపోనివ్వవు.

బట్టల దగ్గర అమ్మమ్మలకి ఒక విన్నపం. సాగనంపే రోజు పట్టు పరికిణీ, పొడుగు గౌను వద్దు. జీన్సు, బెల్టు, పై నుంచి కింది దాకా గుండీలున్నవీ వద్దు. మెత్తటి ఎలాస్టిక్ లాగు, పొట్టి చొక్కా, మూడు జతలు విడిగా జిప్ కవర్లలో. ఇంట్లో మంచం మీద వేసే రబ్బరు షీటు చిన్నది ఒకటి సీటు మీద పరిచి, పైన పలుచటి దుప్పటి వేయండి. ఏ పద్ధతి ఎంచుకున్నా ఇది ఉండాలి. డైపర్లు రెండు మూడు గంటలకొకటి చొప్పున లెక్కేసి, ఫ్లైటు ఆలస్యమైతే సరిపోయేలా ఇంకో నాలుగు పెట్టుకోండి.

ఇంకా మొదలే పెట్టకపోతే?

ప్రయాణం నెలలోపు ఉంటే ఆగండి. ఎవరేమన్నా ఆగండి. "ఇంకా డైపరేనా" అని చుట్టాలు అడుగుతారు, వాళ్ల మాట కోసం పాపని హడావిడి పెట్టక్కర్లేదు. చాలామంది పిల్లలు రెండుకీ మూడుకీ మధ్య తమంతట తామే సిద్ధమవుతారు. రాత్రి పక్క తడపడం ఐదేళ్ల దాకా మామూలే.

దిగాక కూడా ఒక అడ్డంకి ఉంది. డాలస్‌లో ఇమ్మిగ్రేషన్ వరసలో చేరితే మధ్యలో బయటికి రావడం కష్టం. విమానం దిగి హాల్లోకి నడిచే దారిలో కనిపించే మొదటి టాయిలెట్‌కే పాపని తీసుకెళ్లండి, వరసలో పదిమంది మనకంటే ముందుకెళ్లినా ఫరవాలేదు. అబుదాబి మీదుగా వెళ్లేవాళ్లకి అమెరికా ఇమ్మిగ్రేషన్ తనిఖీ 2014 నుంచి అక్కడే జరుగుతోంది, కాబట్టి ఆ వరసకి ముందే ఈ పని కావాలి.

ఇంటికి చేరాక "విమానం లాగు" మాట ప్రకారం పగటిపూట తీసేయండి, రాత్రిళ్లు ఉంచండి. జెట్‌లాగ్ తీరేదాకా నాలుగైదు రోజులు పాప పగలు కూడా తడుపుతుంది. ఆ నాలుగు రోజులూ కార్పెట్ మీద పాత బెడ్‌షీట్లు పరిచి, అమ్మమ్మకి వీడియో కాల్ చేసి, "ఒంటికొస్తోందా తల్లీ" అని ఆవిడ చేతే అడిగించండి.