కొత్త మెషీనా, మనుషులకు శిక్షణా? మధ్యతరహా ప్రింటింగ్ ప్రెస్సుకు ఏది మేలు?

చెన్నైలో రాయపేట, తిరువల్లిక్కేణి, అంబత్తూరు ప్రాంతాల్లో ప్రెస్సు నడుపుకుంటున్న తెలుగువాళ్లు నలుగురు ఎక్కడ కలిసినా మాట ఒక చోటికి వచ్చి ఆగుతుంది. చేతిలో కొంత డబ్బు కూడింది, మిగతాది బ్యాంకు ఇస్తానంటోంది, నాలుగు రంగులనూ ఒకే విడతలో అచ్చువేసే ఫోర్ కలర్ మెషీను ఇంకోటి దించాలా, లేక ఉన్న మనుషులకే పని మరింత బాగా నేర్పించాలా? ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో ఆఫ్‌సెట్ ప్రెస్సు నడుపుతూ రెండు వైపులా డబ్బు పెట్టి చూసినవాడిగా, నాకు తెలిసిన లెక్కలతో ఈ ప్రశ్నను విడదీసి చూపించాలనుకుంటున్నాను. మా ప్రెస్సులో ఒక ఫోర్ కలర్ మెషీను, ఒక టూ కలర్ మెషీను, బైండింగు విభాగం, అందరం కలిపి పద్దెనిమిది మందిమి ఉన్నాం. ఇంచుమించు ఇంతే పరిమాణం ఉన్నవారికి ఈ లెక్క వర్తిస్తుంది.

ముందుగా మెషీను సంగతి. సెకండ్ హ్యాండ్ ఫోర్ కలర్ మెషీను కోసం 60 లక్షలు అప్పు తీసుకుంటే, 10 శాతం వడ్డీతో ఐదేళ్ల గడువుకు నెల వాయిదా సుమారు 1,27,500 రూపాయలవుతుంది. పని ఉన్నా లేకపోయినా, స్కూలు పుస్తకాల సీజను అయినా ఖాళీ నెల అయినా, ఆ వాయిదా తేదీ తప్పదు. దీనికి ప్రతిఫలంగా మనకు వస్తుందని అనుకునేది వేగం. గంటకు 6,000 షీట్లు నడిచే పాత మెషీను స్థానంలో 12,000 నడిచేది వస్తే పని రెట్టింపు అవుతుందని మనసు చెబుతుంది. కాగితం మీద పెట్టి చూస్తే ఆ మాట నిలబడదు.

మాకు వచ్చే జాబుల్లో, అంటే అచ్చు పనుల్లో, ఎక్కువ భాగం 2,000 షీట్ల దగ్గరివి: కరపత్రాలు, కేటలాగులు, ఆసుపత్రుల ఫైళ్లు, పెళ్లి పుస్తకాలు. గంటకు 6,000 వేగంతో 2,000 షీట్లు నడవడానికి 20 నిమిషాలు చాలు. కానీ ఆ నడక మొదలయ్యేలోపు ప్లేట్లు ఎక్కించడం, రిజిస్టర్ కలపడం (రంగులన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేలా చూడటం), రంగు నిలబెట్టడం, అవసరమైతే రోలర్లు కడిగే వాష్‌అప్, ఇవన్నీ కలిపి మేకరెడీ అనే ఈ సన్నాహానికి 50 నిమిషాలు పడుతుంది. అంటే ఒక ఫారానికి (ఒక సెట్టు ప్లేట్లతో నడిచే పనికి) 70 నిమిషాలు. ఎనిమిది గంటల షిఫ్టులో ఆరు ఫారాలు పూర్తయి, ఏడోది చివరికి వస్తుంది. వేగం రెట్టింపు చేస్తే నడక 10 నిమిషాలకు తగ్గుతుంది గానీ మేకరెడీ అలాగే ఉంటుంది కాబట్టి ఫారానికి 60 నిమిషాలు, షిఫ్టుకు ఎనిమిది ఫారాలు. అదే పాత మెషీను మీద, అదే వేగంతో, మేకరెడీని 50 నుంచి 30 నిమిషాలకు దించగలిగితే ఫారానికి 50 నిమిషాలు, షిఫ్టుకు తొమ్మిదిన్నర ఫారాలు. చిన్న జాబుల ప్రెస్సులో మనిషి చేతి నేర్పు మెషీను వేగాన్ని దాటిపోయేది ఇక్కడే. ప్లేట్లను తానే ఎక్కించుకునే కొత్త మెషీను అయితే మేకరెడీని కూడా తగ్గిస్తుంది, నిజమే. అయితే దాని ధర కోట్లలో ఉంటుంది, అది వేరే స్థాయి నిర్ణయం.

ఇదే లెక్కను 50,000 షీట్ల జాబుకు వేస్తే ఫలితం తారుమారవుతుంది. పాత పద్ధతిలో 550 నిమిషాలు పడుతుంది, మేకరెడీ తగ్గించినా 530 పడుతుంది. వేగం రెట్టింపయితే 300 నిమిషాల్లో పని అయిపోతుంది. కాబట్టి అట్టపెట్టెలు, రేపర్లు, పాఠ్యపుస్తకాల వంటి పెద్ద సంఖ్యల పని చేతిలో స్థిరంగా ఉన్నవారు మెషీను వైపు మొగ్గడంలో తప్పు లేదు. టూ కలర్ మెషీను మీదే ఫోర్ కలర్ పనిని రెండు విడతలుగా నడిపిస్తున్నవారికి కూడా మెషీనే మేలు, ఎందుకంటే ఎంత నేర్పు ఉన్నా ఆ రెండో విడత తప్పదు. పైగా చెన్నై ఉక్కలో మొదటి విడత నడిచిన కాగితం తేమ పీల్చుకుని సాగితే రెండో విడతలో రిజిస్టర్ కలవదు.

ఇక కాగితం వృథా. ఒక ఫారం రంగుకు వచ్చేలోపు 250 షీట్లు పోయే చోట, పని తెలిసిన చేతిలో 150తో సరిపెట్టవచ్చు. 20×30 అంగుళాల 130 జీఎస్ఎం (చదరపు మీటరుకు 130 గ్రాముల) ఆర్ట్ పేపరు ఒక షీటు బరువు సుమారు 50 గ్రాములు; కిలో 90 రూపాయలు అనుకుంటే షీటు 4 రూపాయల 50 పైసలు. మిగిలిన 100 షీట్లు ఫారానికి 450 రూపాయలు. రోజుకు ఏడు ఫారాలు, నెలకు 25 రోజులు వేసుకుంటే 78,750 రూపాయలు. ఇది మెషీను వాయిదాలో అరవై శాతానికి పైమాటే, అదీ అప్పు లేకుండా.

ఈ లెక్కలు నాకు మొదట్లో తెలియవు. మూడేళ్ల క్రితం ఒక నగల దుకాణం కేటలాగులో ముఖాల రంగు పచ్చగా తేలి, ప్లేటులో ఖాళీగా ఉండవలసిన చోట ఇంకు పట్టి, పని మొత్తం తిరిగి వచ్చింది. మెషీను ముసలిదైపోయిందని నిర్ణయించుకుని బ్యాంకు దరఖాస్తు కూడా నింపాను. సంతకం పెట్టే ముందు, నలభై ఏళ్లు మెషిన్‌మేన్‌గా పనిచేసి విరమించుకున్న నెల్లూరు పెద్దాయన ఒకరిని పిలిపించాను. వచ్చిన రోజు ఆయన మెషీను ఆన్ చేయనివ్వలేదు. ప్లేటును తడిపే సొల్యూషన్ ఉండే ఫౌంటెన్ ట్రేలో, ఆమ్లత చూపించే పీహెచ్ కాగితం ముంచారు. 4.8కి 5.5కి మధ్య ఉండవలసిన చోట అది 7 దగ్గర చూపించింది. మా వాళ్లు బోరు నీళ్లు పోసి సొల్యూషన్‌ను కంటి కొలతతో కలుపుతున్నారు. తర్వాత ప్లేటు మీది అచ్చును కాగితానికి అందించే రబ్బరు బ్లాంకెట్‌ను విప్పించారు. దాని కింద ప్యాకింగ్ షీట్లకు బదులు మాప్లిథో (మామూలు అచ్చు కాగితం) ముక్కలు, ఒక పక్క రెండు, మరో పక్క మూడు. ఇంకు రోలరును ఆగి ఉన్న ప్లేటు మీదికి దించి తీసి, రెండు కొసలా ఒకే వెడల్పు ఉండవలసిన ఆ గీతను స్కేలుతో కొలిస్తే ఒక కొస 4 మిల్లీమీటర్లు, రెండో కొస 7.

“బాబూ, మెషీను మీద నింద వేశారు. దీని కింద ఏముందో విప్పి చూసి ఎన్నాళ్లయింది?” అన్నారు.

“ఎప్పుడూ చూడలేదు మేస్త్రీ గారూ,” అన్నాడు మా మెషిన్‌మేన్, ఏ దాపరికమూ లేకుండా. అతనికి ఎవరూ చెప్పలేదు. పదిహేనేళ్లు పని చేయించుకున్న నేనూ చెప్పలేదు. ఆ మాట నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

శిక్షణ అని నిర్ణయించుకున్నాక, ఏ శిక్షణ అన్నది మరో పోలిక. చెన్నైకి ఈ విషయంలో లోటు లేదు. తరమణిలో ప్రింటింగ్ టెక్నాలజీ పాలిటెక్నిక్ ఉంది. గిండీలోని అన్నా విశ్వవిద్యాలయం ఇంజనీరింగు కళాశాలలో ప్రింటింగుకు ప్రత్యేక విభాగమే ఉంది. అయితే నలభై ఏళ్ల వయసున్న మెషిన్‌మేన్‌ను మూడేళ్ల డిప్లొమాకు పంపలేము. అక్కడ చదివి వచ్చిన పిల్లలను మనం పనిలోకి తీసుకోగలం. వారికి డెన్సిటీ (ఇంకు గాఢత) అంటే ఏమిటో, డాట్ గెయిన్ (అచ్చులో చుక్క పెద్దదవడం) ఎందుకు వస్తుందో, ప్రూఫును పగటి వెలుగులాంటి 5000 కెల్విన్ వెలుతురులో ఎందుకు చూడాలో తెలుసు. విదేశీ ప్రచురణకర్తల పని చేయాలంటే ఆఫ్‌సెట్ అచ్చు నాణ్యతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 12647-2కు నిలబడాలి. అక్కడ ఈ చదువు లేకుండా అడుగు పడదు. వారికి లేనిది రోలరు మీద చేతి పట్టు. మా మెషిన్‌మేన్‌కు ఉన్నదీ అదే. ఇద్దరినీ ఒకే మెషీను దగ్గర నిలబెట్టినప్పుడు ఒకరి లోటు ఒకరు తీర్చుకోవడం నేను కళ్లారా చూశాను. ‘ఆఫ్‌సెట్ మెషిన్ మైండర్’ అప్రెంటిస్‌షిప్ చట్టం కింద గుర్తింపు ఉన్న ట్రేడు; 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం స్టయిపెండులో 25 శాతాన్ని, నెలకు 1,500 రూపాయల పరిమితితో, కేంద్రం భరించే నియమంతో మొదలైంది. చిన్న ప్రెస్సులు దీన్ని వాడుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మెషీను కంపెనీ ఇచ్చే శిక్షణ కొత్త మెషీనుతో పాటు కొద్ది రోజులు ఉంటుంది, అది తప్పక తీసుకోవాలి. కానీ చేతిపుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి, చెప్పేదీ సగం ఇంగ్లీషే. మా మెషీను దగ్గర నిలబడేవారిలో నలుగురు తమిళం, ముగ్గురు తెలుగు మాత్రమే చదవగలరు. అందుకే ప్రెస్సులోనే, శనివారం మధ్యాహ్నం మెషీను ఆపి, వారి భాషలో నేర్పించడానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. పెద్దాయన ఎనిమిది శనివారాలు వచ్చారు. పీహెచ్, కండక్టివిటీ, ప్యాకింగు మందం, రోలరు గీత వెడల్పు, ఏది ఎన్నాళ్లకు చూడాలో తమిళంలో, తెలుగులో రాసి మెషీను పక్కన గోడకు అంటించాం. పెద్ద మేస్త్రీ చేతి కింద నేర్చుకునే పాత సంప్రదాయానికీ దీనికీ తేడా ఆ కాగితమే. చేతి కింద నేర్చుకున్న పనిలో మంచితో పాటు గురువు తప్పులూ దిగిపోతాయి. రాసి పెట్టిన కొలత ఉంటే ఆ తప్పు బయటపడుతుంది.

నేర్పిస్తే పక్క ప్రెస్సువాడు ఎక్కువ జీతం చూపి లాక్కుపోతాడన్న భయం నాకూ ఉండేది. ఒకరు వెళ్లారు కూడా. వృథాలో మిగిలిన డబ్బులో నాలుగో వంతు ప్రతి నెలా మెషీను బృందానికి పంచడం మొదలుపెట్టాక ఇంకెవరూ వెళ్లలేదు. పంచడానికి లెక్క కావాలి కాబట్టి జాబ్ కార్డు మీద మేకరెడీ మొదలైన సమయం, మొదటి మంచి షీటు వచ్చిన సమయం, పోయిన షీట్లు వారే రాస్తున్నారు.

ఆ కార్డులు చదవడం మొదలుపెట్టాకే అసలు శిక్షణ అవసరమైంది నాకని అర్థమైంది. మనలో చాలామంది ఇప్పటికీ వెయ్యి ఇంప్రెషన్లకు (అచ్చు ముద్రలకు) ఇంత అని ధర చెబుతాం. ఖర్చు మాత్రం మేకరెడీలో కూర్చుని ఉంటుంది. వెయ్యి షీట్ల జాబుకు, పదివేల జాబుకు ఒకే వెయ్యి రేటు చెప్పేవాడు చిన్న జాబు వచ్చిన ప్రతిసారీ చేతి నుంచి పెట్టుకుంటున్నట్టే. అద్దె, కరెంటు, జీతాలు, తరుగుదల అన్నీ కలిపి మెషీను గంట ఖరీదు కట్టి, మేకరెడీ ఛార్జీ వేరుగా, నడక ఛార్జీ వేరుగా కొటేషన్ ఇవ్వడం నేర్చుకోవడానికి నాకు పట్టింది నాలుగు ఆదివారాలు. ఎస్టిమేషన్ చూసే మా అమ్మాయి నాకంటే ముందే నేర్చుకుంది. కొందరు పాత కస్టమర్లు అలిగారు, ఇద్దరు వదిలిపోయారు. వారి పని మాకు నష్టమేనని కార్డులు చెబుతున్నాయి కాబట్టి పట్టుకోలేదు.

అందువల్ల, సగటు జాబు 5,000 షీట్ల లోపు ఉన్న ప్రెస్సుకు నా సలహా వరుస ఇది: మొదట యజమానికి, ఎస్టిమేషన్ చూసేవారికి ధర కట్టడంలో శిక్షణ, ఆ వెంటనే మెషీను దగ్గర కొలతల శిక్షణ, తర్వాత ఒక డిప్లొమా కుర్రవాణ్నో అమ్మాయినో పనిలోకి తీసుకోవడం, మెషీను చివరన. మా మేకరెడీ సగటు ఇప్పుడు 34 నిమిషాల దగ్గర ఉంది. 30కి దిగాక, 20,000 షీట్లు దాటిన జాబులు వరుసగా మూడు నెలల పాటు మెషీను సమయంలో సగం తీసుకుంటే, సొరుగులో ఉన్న ఆ బ్యాంకు దరఖాస్తు మళ్లీ బయటికి తీస్తాను.