బండలాగుడుకీ రొట్టెల పండుగకీ ఒకే కెమెరా సరిపోతుందా?

ఒక్కరే వెళ్ళి, చేత్తో పట్టుకుని డాక్యుమెంటరీ తీయాలనుకునేవాళ్ళు కెమెరా కొనేముందు బొమ్మను పట్టే సెన్సర్ ఎంత పెద్దది, 4కెలో ఎన్ని ఫ్రేములు వస్తాయి అని అడుగుతారు. నేను ముందు అడిగేది వేరు. మీరు తీయబోయే మనిషికి ఎంత దూరంలో నిలబడతారు? దగ్గరికి వెళ్ళే వీలుందా, ఉన్నచోటి నుంచే తీయాలా? ఇది తేలితే సగం కెమెరాలు వాటంతటవే పక్కకు పోతాయి.

మన వైపే చూడండి. ఒంగోలు చుట్టుపక్కల ఊళ్ళలో బండలాగుడు పోటీ జరుగుతుంటే తాడు అవతలే నిలబడాలి. ఎద్దుల జత ఎదురుగా వస్తుంది, మళ్ళీ దూరంగా పోతుంది. తోలేవాళ్ళ అదిలింపులు, బిగుసుకున్న ఎద్దు మెడ, అవతలి గట్టున నోట మాట లేకుండా చూస్తున్న యజమాని ముఖం, అన్నీ కొన్ని సెకన్లలో అయిపోతాయి. నెల్లూరులో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ స్వర్ణాల చెరువు నీళ్ళలో, జనం మధ్య నిలబడి, ఒకరి చేతిలోంచి ముక్కూమొహం తెలియని ఇంకొకరి చేతిలోకి రొట్టె మారే క్షణాన్ని అందుకోవాలి. చదువు రొట్టో, పెళ్ళి రొట్టో, ఇచ్చేవాళ్ళ కళ్ళలోనే కథంతా ఉంటుంది.

ఈ రెంటికీ పనికొచ్చేవి మూడు రకాలు: పెళ్ళిళ్ళలో చూసే క్యామ్‌కార్డర్, లెన్సులు మార్చే మిర్రర్‌లెస్, గింబల్ (వణుకును మోటార్లతో సరిచేసే పిడి) మీద కూర్చున్న చిన్న పాకెట్ కెమెరా. నా ఓటు మొదటిదానికే. ఇప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు కాబట్టి కారణాలు కాస్త వివరంగా చెబుతాను.

2017లో వచ్చిన సోనీ ఎఫ్‌డీఆర్-ఏఎక్స్700నే తీసుకోండి. ఒక అంగుళం సెన్సర్, 12 రెట్ల ఆప్టికల్ జూమ్. దాదాపు ఇదే పని చేసే ఎన్‌ఎక్స్80లో పైన పిడి, దానికి రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు సాకెట్లు కూడా ఉంటాయి. బండ లాగుతున్న జతను మొత్తంగా చూపిస్తూ, వేలు కదిపి అవతలి గట్టున ఉన్న యజమాని ముఖానికి వెళ్ళిపోవచ్చు. మిర్రర్‌లెస్‌తో ఆ పనికి లెన్సు మార్చాలి, లేదంటే చేతులు లాగేసే పెద్ద జూమ్ లెన్సు మోయాలి. మీరు లెన్సు మార్చే లోపు జత మలుపు తిరిగేస్తుంది. పైగా ఆ దుమ్ములో, లేదా మైపాడు ఉప్పుగాలిలో, సెన్సర్ బయటపెట్టి లెన్సు మార్చాలంటేనే నాకు టెన్షన్.

రెండో కారణం ఫోకస్. సెన్సర్ చిన్నదైతే ఒకేసారి ఎక్కువ లోతు స్పష్టంగా కనబడుతుంది. ఫుల్‌ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్ మీద లెన్సు రంధ్రాన్ని ఎఫ్1.8 దాకా బాగా తెరిచి తీస్తే వెనక అంతా మెత్తగా కరిగిపోయి అందంగా ఉంటుంది, నిజమే. కానీ మాట్లాడుతున్న మనిషి ముందుకు వంగినా, చెయ్యి అడ్డొచ్చినా ఫోకస్ తప్పిపోతుంది. ఇంటర్వ్యూలో ఇంకోసారి చెప్పమనొచ్చు, జరుగుతున్న సంఘటనను ఆగమనలేం. కళ్ళను వెతికి పట్టుకునే ఆటోఫోకస్ ఇప్పుడు బాగా పెరిగింది కానీ, వంద ముఖాలున్న గుంపులో మనకు కావలసిన ముఖం ఏదో దానికి తెలియదు.

మూడోది ఎండ. మనకు కరెంటు 50 హెర్ట్జ్, అందుకని సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 (సెకనులో యాభయ్యో వంతు) పెట్టుకుంటే ట్యూబులైటు కింద మిణుకు రాదు, కదలికా సహజంగా ఉంటుంది. మధ్యాహ్నం బయట అదే 1/50 పెడితే బొమ్మ తెల్లగా మాడిపోతుంది, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. ఈ క్యామ్‌కార్డర్లలో అది లోపలే మూడు మెట్లలో ఉంటుంది, స్విచ్ జరిపితే చాలు. మిర్రర్‌లెస్‌కు లెన్సు ముందు బిగించాలి. నీడలోకి వెళ్తే విప్పాలి, ఎండలోకి వస్తే మళ్ళీ బిగించాలి. తిప్పి తగ్గించే చవక రకాలు వైడ్ లెన్సు మీద బొమ్మలో నల్లటి అడ్డచారలు కూడా వేస్తాయి.

ఎండ మాట వచ్చింది కాబట్టి, ఏ కెమెరా కొన్నా పనికొచ్చే సంగతి ఒకటి. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో ఫ్రేము నిండా నల్లరాయి ఉంటే, ఆటో ఎక్స్‌పోజర్ దాన్ని బూడిద రంగుకు తేవాలని చూస్తుంది, పక్కనున్న కార్మికుడి ముఖం వెలిసిపోతుంది. ఇస్కపల్లి ఉప్పు మడుల దగ్గర తెల్లటి కుప్పల ముందు ఇదే తిరగబడుతుంది, ఉప్పు బూడిదగా మారి మనిషి నల్లటి నీడలా మిగులుతాడు. ముఖం మీద ఎక్స్‌పోజర్ చూసుకుని లాక్ చేయాలి. అందుకే మెనూల్లో వెతక్కుండా వేలికి దొరికే బటన్లు, ఎండలో కూడా కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ ఉన్న కెమెరానే కొనమంటాను. వ్యూఫైండర్‌తో ఇంకో లాభం, కెమెరా రెండు చేతుల్లోనే కాకుండా ముఖానికీ ఆని నిలుస్తుంది, వణుకు బాగా తగ్గుతుంది. సోనీ జెడ్‌వీ-ఈ10కి వ్యూఫైండర్ లేదు. సెన్సర్‌ను కదిపి వణుకు ఆపే ఏర్పాటూ లేదు, ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఆపితే ఫ్రేము అంచులు కోసుకుపోతాయి. యూట్యూబ్ కోసం కూర్చుని మాట్లాడేవాళ్ళకు అది మంచి కెమెరా. ఎద్దుల వెంట పరుగెత్తేవాళ్ళకు కాదు.

అలాగని క్యామ్‌కార్డర్ అన్నిటా గెలవదు. రొట్టెల పండుగ రాత్రి దాకా సాగుతుంది, అక్కడ దాని బలహీనత బయటపడుతుంది. జూమ్ చేసేకొద్దీ లెన్సు ఎఫ్2.8 నుంచి ఎఫ్4.5కు ముడుచుకుంటుంది, చీకట్లో బొమ్మ మీద గ్రెయిన్ (చుక్కచుక్కల మరకలు) లేస్తుంది. వైడ్ కూడా 29 మి.మీ. (ఈ అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెడల్పు కనబడుతుంది) దగ్గరే ఆగుతుంది కాబట్టి చిన్న ఇంట్లో గోడకు ఆనుకుని నిలబడినా గది మొత్తం రాదు. మీ కథ ఎక్కువగా రాత్రిపూట, దీపాల వెలుగులో నడిచేదైతే మిర్రర్‌లెస్‌కే వెళ్ళండి. 2023లో వచ్చిన పానసోనిక్ లూమిక్స్ ఎస్5 IIలో ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్, వణుకు ఆపే ఏర్పాటు, లోపల ఫ్యాను ఉన్నాయి. మే నెల ఒంగోలు ఎండలో వేడెక్కి ఆగిపోయే కెమెరాలతో పడే బాధ తెలిసినవాళ్ళకు ఆ ఫ్యాను విలువ తెలుస్తుంది.

పాకెట్ కెమెరాల్లో డీజేఐ ఆస్మో పాకెట్ 3 చాలా మంచిది. 179 గ్రాముల బరువులో ఒక అంగుళం సెన్సర్, ఎఫ్2 లెన్సు. 20 మి.మీ. వైడ్ కాబట్టి పడవలోనో, రొయ్యల గుంట కాపలా గుడిసెలోనో ఇదే మేలు. దీన్ని చూసి జనం బిగుసుకుపోరు, రొట్టె మారే క్షణానికి అదే ముఖ్యం. అయితే ఆప్టికల్ జూమ్ లేదు, నీళ్ళు తట్టుకోదు, హెడ్‌ఫోన్ నేరుగా గుచ్చే జాక్ లేదు. గింబల్ పక్కకు ఊగడాన్ని, ఒరగడాన్ని ఆపుతుంది కానీ అడుగు వేసినప్పుడు వచ్చే పైకీ కిందికీ ఊపును ఆపదు, మోకాళ్ళు కాస్త వంచి నడవాల్సిందే. ఇంకొకటి, మనం టక్కున తిరిగితే అది నిదానంగా వస్తుంది. మనిషి చేతికి ఉండే ఆ తత్తరపాటు కొన్ని చోట్ల కథకు కావాలి.

ఫోను గురించి ఒక్క మాట. ఉన్నదానితో మొదలుపెట్టండి, తప్పు లేదు. ఐఫోన్‌లో పాల్ (PAL, సెకనుకు 25 ఫ్రేముల పద్ధతి) ఫార్మాట్లు చూపించే సెట్టింగ్ ఆన్ చేస్తే 25 ఫ్రేములు వస్తాయి. మధ్యలో కాల్ రాకుండా ఏరోప్లేన్ మోడ్ మరవకండి.

ఏది కొన్నా డబ్బంతా కెమెరాకే పెట్టొద్దు. 1960ల్లో చేతి డాక్యుమెంటరీలు పుట్టడానికి తేలికపాటి 16 మి.మీ. ఫిల్మ్ కెమెరా ఎంత కారణమో, దానితో కలిసి నడిచే చిన్న టేప్ రికార్డరు కూడా అంతే కారణం. బొమ్మ కాస్త ఊగినా చూస్తారు, మాట వినబడకపోతే చూడరు. చొక్కాకు తగిలించే వైర్‌లెస్ మైకు, గాలికి దాని మీద బొచ్చు తొడుగు, మీ చెవికి హెడ్‌ఫోన్ ముందు కొనండి. కార్డుల లెక్క కూడా చూసుకోండి. సెకనుకు 100 మెగాబిట్ల 4కె గంటకు 45 జీబీ తింటుంది, 128 జీబీ కార్డు మూడు గంటలకు కాస్త లోపే నిండుతుంది.

కొనేముందు అద్దెకు తెచ్చి చూడండి. ముహూర్తాల రోజుల్లో పెళ్ళి వీడియోవాళ్ళ దగ్గర కెమెరాలు దొరకవు, మూఢంలో అడిగితే ఇస్తారు. మధ్యాహ్నం మైపాడు ఇసుకలో ఒక పావుగంట, రాత్రి ఇంట్లో ట్యూబులైటు కింద ఒక పావుగంట తీయండి. నడుస్తూ, జూమ్ చేస్తూ, ఇంట్లోవాళ్ళను మాట్లాడిస్తూ తీసి, ఫోనులో కాకుండా టీవీలో పెట్టి చూడండి.